పిల్లి న్యాయం

తిరుపతి,
ఆగస్టు, 1981

జ్ఞానాంబకు గోద రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి లేదు. మా ఇంట్లో ఈమధ్య కుశలం తక్కువగా ఉంది. మా రంగడికి ఏదో అయింది. నువ్వు వాడిని చూడలేదు కదా, ట్రెయినింగు హాస్టలు నుంచి మనం తలో ఊరికీ పోయాక వచ్చిన ప్రాణి. నాయన గుడిలో పాశురాలు చదివే ప్రబంధ గోష్ఠి ముగించుకుని వస్తుంటే వెనకాలే నడుచుకుంటూ ఇంట్లో దూరిన తెల్ల పిల్లికూన, ఇప్పుడు ఎనిమిదేళ్ళ ముదురు. దద్ధోజనం తింటాడు, పులిహోర తింటాడు, చక్కెర పొంగలి అయితే ఆకు కూడా నాకేస్తాడు. ఏకాదశి నాడు నాయనతో పాటు మంచినీళ్ళతో సరిపెట్టుకుంటాడు. వీధిలో వాడికి భాగవత పిల్లి అని పేరు. మమ్మల్ని చూసే నెపంతో వాడిని చూసిపోయే చుట్టాలు కూడా ఉన్నారు.

అంతటివాడు కొన్నాళ్ళుగా నీళ్ళకోసం అలమటిస్తున్నాడు. స్నానాల తొట్టిలో తల పెట్టి తాగుతాడు, తాగిందంతా మూలమూలా పోస్తాడు. తిండి రెండింతలయింది, ఒళ్ళు సగమయింది. నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది. వాడు పాడుచేసిన చోటల్లా కడిగిన గంటకే చీమలు పట్టేస్తున్నాయి, ఆ చాకిరీ వేరే.

నాయన మాత్రం, "వయసయిందిలేమ్మా, అడిగినంత పెట్టు పాపం" అంటాడు. నాకు కాలు నిలవడం లేదు. బడిలో ఎక్కాలు చెప్పిస్తుంటే వాడు నీళ్ళు తాగే చప్పుడు చెవిలో వినిపిస్తుంది. ఎవరితో చెప్పుకోను? పిల్లికోసం ఇంత గోలా అంటారు.

నువ్వు వస్తానంటూ నాలుగేళ్ళుగా రావడం లేదు. బ్రహ్మోత్సవాలకైనా రా.

నీ
గోద


చిత్తూరు,
ఆగస్టు, 1981

గోదా,

నీ ఉత్తరంలో అసలు మాట నువ్వే పట్టించుకోలేదు. చీమలు. మా అత్త వరదమ్మ జబ్బు బయటపడింది వాటివల్లే. స్నానాల గదిలో చీమలు బారులు తీరితే, బెల్లం మండీ వాళ్ళ ఇంట్లో చీమలకేం కరువు, మా ఆయన కాళ్ళకంటుకుని వచ్చిన బెల్లమే అనుకుని చాలా రోజులు ఊరుకున్నాం. తీరా చూస్తే ఆమెకు చక్కెర జబ్బు. పిల్లులకు వస్తుందో రాదో నాకు తెలియదు. మీ ఊర్లో పశువుల డాక్టర్లకు కొదవ లేదు కదా, బుట్టలో పెట్టుకుని రేపే పో.

బ్రహ్మోత్సవాలకు రాలేను. మండీలో పని ఎక్కువ.

జ్ఞానాంబ


తిరుపతి,
సెప్టెంబరు, 1981

జ్ఞానాంబకు,

నువ్వన్నదే నిజమయింది. డాక్టరు రంగడి మూత్రాన్ని నీలి మందులో కలిపి కాచి చూపించాడు. ఇటుక రంగుకు తిరిగింది. పిల్లులకు ఈ జబ్బు రావడం అరుదే కానీ రాకపోదట. బతకాలంటే ఇంట్లోనే రోజూ రెండు పూటలా ఇన్సులిన్ సూది వేయాలి. అన్నం వద్దు, తీపి అసలే వద్దు. గుడ్డు, చేప, మాంసం పెట్టమన్నాడు.

ఆ చివరి మాట నేను ఇంటికి ఎలా మోసుకొచ్చానో ఊహించుకో. నాయన విని నింపాదిగా చెప్పాడు: "ఈ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా వచ్చింది లేదమ్మా. వాడిని తెచ్చింది పెరుమాళ్ళు. ఉంచుకుంటే ఉంచుకుంటాడు, తీసుకుంటే తీసుకుంటాడు. మనదేముండాది?"

నాయన మాట వెనుక ఒక పెద్ద వాదం ఉంది. నీకు కొత్త కనుక చెబుతాను. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుని ఉంటుంది. పిల్లికూన అలా కాదు, ఊరికే పడి ఉంటే తల్లే మెడ వెనక కరుచుకుని మోసుకుపోతుంది. దేవుడి దగ్గర మనిషి పిల్లికూనలా ఉండాలని మా వాళ్ళ మాట. దీన్ని పిల్లి న్యాయం అంటారు. నాయన అరవై ఏళ్ళుగా దాన్ని నమ్ముకుని బతికినవాడు. ఆయనకు ఎదురు చెప్పేటంత చదువు నాకు లేదు. ఊరుకునేటంత గుండె కూడా లేదు.

సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయని నీకు తెలుసు. మీ అత్తకు నువ్వే వేస్తున్నావు కదా, ఒక్క రెండు రోజులు వచ్చి నేర్పి పో. వాడు చచ్చిపోతాడేమోనని నాకు భయంగా ఉంది.

గోద


చిత్తూరు,
సెప్టెంబరు, 1981

గోదా,

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది.

నా మాట విను. మొదలుపెట్టవద్దు. మీ నాయన చెప్పినట్టు దేవుడికి వదిలెయ్. పిల్లి పోతే నాలుగు రోజులు ఏడుస్తావు, అయిదో రోజు బడికి పోతావు. సూది మొదలుపెట్టావంటే అది ఒక రోజుతో పోయేది కాదు. పొద్దున వేస్తావు, సాయంత్రం వేస్తావు, రేపు మళ్ళీ పొద్దున అవుతుంది. నీకు పెళ్ళీ పిల్లలూ లేరు, ఎక్కడికైనా పోగలవు, రాగలవు. చేతులారా కాళ్ళకు కట్టెందుకు వేసుకుంటావు? నేనింత కటువుగా ఎందుకు రాస్తున్నానో అడగవద్దు.

నేను రాలేను.

జ్ఞానాంబ

ఎలాగూ వినవని తెలుసు. గాజు సిరంజిని, సూదిని వేరువేరుగా ఉడికించు, చల్లారాక వాడు. మందు సీసాను తడి ఇసుక కుండలో పెట్టు. మందు వేసిన పూట తిండి తప్పకూడదు. ఒళ్ళు వణికి తూలిపడితే మందు ఎక్కువయిందని గుర్తు, ఆ క్షణమే బెల్లం నీళ్ళు చిగుళ్ళకు రుద్దాలి. ఈ ముక్క మీ నాయనకు కూడా చదివి వినిపించు. ఒక బెల్లం అచ్చు మా ఆయనతో పంపిస్తున్నాను, చేతికందేచోట పెట్టుకో.


తిరుపతి,
అక్టోబరు, 1981

జ్ఞానాంబకు,

మొదలుపెట్టాను. తిట్టుకో.

వంకాయ మీద నేర్చుకున్నాను. నేను పొడిచిన వంకాయలు కూరకు పనికిరాకుండా పోయాయి. తర్వాత రంగడిని ఒడిలో పెట్టుకుని, డాక్టరు చూపినట్టు మెడ వెనక తోలు పైకెత్తి, కళ్ళు మూసుకోకుండా పొడిచాను. వాడు తిరిగి చూశాడు, అంతే. నేనే వెక్కి వెక్కి ఏడ్చాను.

తిండి సంగతి విను. పెరటి గోడ మాకూ, వెనకింటి ఎల్లప్పకూ ఉమ్మడి. నాయన రెండు రోజులు పట్టెడన్నం సరిగా తినకుండా ఆలోచించి తీర్పు చెప్పాడు: "గోడలో ఇవతలి సగం మనది, అవతలి సగం ఎల్లప్పది. వాళ్ళ సగం మీద వాళ్ళు ఏం పెట్టుకుంటే మనకెందుకు?" అప్పటి నుంచి ఎల్లప్ప భార్య రోజూ ఉడికిన గుడ్డో, చేప ముక్కో గోడమీద తన వైపు పెడుతుంది. రంగడు మా వైపు కూర్చుని, మెడ చాచి, వాళ్ళ వైపు తింటాడు. తిన్నాక మూతి కడిగితేనే ఇంట్లోకి ప్రవేశం. నాయన ఆ సమయానికి పెరటి వైపు వీపు పెట్టి కూర్చుంటాడు.

ఇంత చేసినా జబ్బు లొంగడం లేదు. మూత్రం కాచినప్పుడల్లా ఇటుక రంగే. డాక్టరు మందు రెండు గీతల నుంచి నాలుగుకు పెంచాడు. నేను బడి గంట కొట్టగానే పరుగు తీస్తున్నాను. బ్రహ్మోత్సవాలకు ఒక్క వాహనం చూడలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు.

నీ పోయిన ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అది నా పిల్లి గురించి రాసిన ఉత్తరంలా లేదు. అక్కడ ఏం జరుగుతోంది?

గోద


చిత్తూరు,
నవంబరు, 1981

గోదా,

అడగవద్దన్నాను, అడిగావు. చెబుతాను.

మా అత్త నా చేత్తో తప్ప సూది వేయించుకోదు. కాంపౌండరును పెట్టాం, తరిమేసింది. మా ఆయన సిరంజి పట్టుకుంటే అరిచి వీధిని పోగుచేసింది. "జ్ఞానా ఏస్తేనే నాకు నొప్పి తెలీదు" అంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. నాలుగేళ్ళుగా నేను ఈ ఇల్లు వదిలి ఇంకో ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. పోయిన మాఘంలో నాయుడుపేటలో మా అన్న కూతురు పెళ్ళయింది. తలంబ్రాల వేళకు నేను ఇక్కడ సిరంజి ఉడికిస్తున్నాను. మండీలో పని అని నీకు రాసినవన్నీ సాకులు. మండీతో నాకేం పని?

ఆమె చెడ్డది కాదు. చెడ్డదయితే తేలికగా ఉండేది. నేను గుడికి బయల్దేరినా, "యాడికి పోతా ఉండావు? సాయంత్రానికి ఉంటావు గదా?" అని గుమ్మం దాకా వస్తుంది. నువ్వు ఇదే గుంజకు నిన్ను నువ్వు కట్టుకుంటుంటే చూడలేక అలా రాశాను. ఆ పిల్లి చావాలని కాదు. మనసులో పెట్టుకోకు.

ఇంకొకటి. గుడ్డూ చేపా తిని, రెండు పూటలా మందు వేసుకుంటే ఇటుక రంగు ఎందుకు వస్తుంది? మా అత్త పరుపు కింద బెల్లం దొరికిన రోజు నాకు తెలిసింది. మీ ఇంట్లో కూడా ఎవరో తీపి పెడుతున్నారు. వెతుకు.

జ్ఞానాంబ


తిరుపతి,
నవంబరు, 1981

జ్ఞానాంబకు,

వెతకాల్సిన పని లేకపోయింది. తనంతట తానే బయటపడింది, రంగడి ప్రాణం మీదికి వచ్చి.

మొన్న ఏకాదశి. తెల్లవారి నాలుగు గీతలు వేసి, గుడ్డు ఎలాగూ గోడమీదికి వస్తుంది కదా అని బడికి పోయాను. నేను వీధి మలుపు తిరగగానే ఎల్లప్ప భార్య గుడ్డు తెచ్చిందట. నాయన ఆమెను ఆపాడు. "ఈ పొద్దు ఏకాదశి తల్లీ. వాడు ఎనిమిదేళ్ళుగా తప్పలేదు. ఈ ఒక్క పూటా వద్దు" అన్నాడు. ఆమె పెద్దాయన మాట కాదనలేక తీసుకుపోయింది. అంతకుముందు ఏకాదశులకు ఆమె గుడ్డు పెట్టడం నాయన చూడలేదు. గోష్ఠికి పోయి ఉండేవాడు. మొన్న మోకాలి నొప్పితో ఇంట్లోనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి రంగడు ఆయన కాళ్ళ దగ్గరే తూలి పడిపోయాడు. కాళ్ళు కొట్టుకున్నాయి, నోట నురగ వచ్చింది, కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. నీ ఉత్తరం చదివి వినిపించినప్పుడు నాయన విననట్టే కూర్చున్నాడు, కానీ విన్నాడు. అలమరలో నీ బెల్లం అచ్చు తీసి, రోకటితో కొట్టి, నీళ్ళలో కలిపి వాడి చిగుళ్ళకు రుద్దుతూ కూర్చున్నాడు. నేను వచ్చేసరికి రంగడు ఒడిలో తల ఎత్తి ఉన్నాడు. నాయన పంచెంతా బెల్లం. వేళ్ళమీద రెండు చోట్ల కాట్లు. ఏకాదశి నాడు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టని మనిషి ఎల్లప్ప ఇంటి వైపు కేక పెట్టి, గోడ ఇవతలి సగం మీదే గుడ్డు పెట్టించాడు.

అప్పుడు చెప్పాడు. రోజూ గుడి నుంచి తెచ్చిన చక్కెర పొంగలి వాడికి చిటికెడు పెడుతున్నాడట. "ప్రసాదం అమ్మా అది. నోరు తెరిచి అడిగిన ప్రాణికి లేదని ఎట్లా అనేది?" అన్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, మా ఇంట్లో కళ్ళు మూసుకున్నది పిల్లి కాదు. ఆ పొంగలికి సరిపడా మేము మందు పెంచుకుంటూ పోయాం. ఏకాదశి నాడు పొంగలీ లేదు, గుడ్డూ లేదు, మందు మాత్రం ఉంది. నాకు కోపంతో ఒళ్ళు మండింది. గిన్నెలన్నీ చప్పుడుచేస్తూ తోమాను.

మరునాడు డాక్టరు మందు మళ్ళీ రెండు గీతలకు తెచ్చాడు. నేను సిరంజి ఉడికిస్తుంటే నాయన వెనక వచ్చి నిలబడ్డాడు. "ఆ తోలు ఎట్లా పట్టుకోవాలో నాకు ఒకసారి చూపించమ్మా" అన్నాడు. నేను ఆయన వేళ్ళను ఆ తోలు మీద పెట్టించాను.

గోద


చిత్తూరు,
డిసెంబరు, 1981

గోదా,

నీ ఉత్తరం మా అత్తకు చదివి వినిపించాను. పిల్లి లేచి కూర్చున్న చోట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అదే అదను అనుకుని అడిగాను: "సూసినావా అత్తా, పిల్లి గూడా ఇంకొకరి చేతికి ఒప్పుకునింది." ఆమె అటు తిరిగి పడుకుంది. "పిల్లికేమి, దానికి భయం లేదు. నాకుండాది" అంది.

సాయంత్రం సిరంజి ఉడికించాను.

రంగడికి ఇప్పుడు ఏ రంగు వస్తోంది?

జ్ఞానాంబ


తిరుపతి,
ఫిబ్రవరి, 1982

జ్ఞానాంబకు,

ఆకుపచ్చ. మొన్న ఒక రోజు నీలంగానే నిలిచింది. నాయన ఆ గాజుగొట్టాన్ని ఎండకు పట్టి వీధిలో ఇద్దరికి చూపించాడు, వద్దన్నా వినలేదు. రంగడు గోడ దూకుతున్నాడు. ఉదయం సూది నాయనది, సాయంత్రం నాది. పొంగలి ప్రసాదం రంగడి పేరు చెప్పి నాయనే రెండు పాళ్ళు తింటున్నాడు. ఈ వయసులో ఆయనకూ ఒకసారి ఆ నీలి మందు పరీక్ష చేయించాలి.

ఇప్పుడు అసలు మాట. వేసవి సెలవులకు నేను చిత్తూరు వస్తాను. విందుకు కాదు. నువ్వు ఇక్కడికి రావాలి, నేను అక్కడ ఉండాలి. మీ అత్తకు ఈ ముక్క చదివి వినిపించు:

పెద్దమ్మా, నేను గోదను. సూదంటే మీకెంత భయమో నాకూ అంతే. పొడిపించుకోవడానికి మీకు భయం, పొడవడానికి నాకు. ఇద్దరం కలిసి భయపడదాం. నా మొదటి రోగికి గోళ్ళున్నాయి, అయినా ఇంతవరకు నన్ను రక్కలేదు. మీరు అరవాలనుకుంటే అరవండి, నేను వేచి ఉంటాను.

గోద


చిత్తూరు,
మే, 1982

జ్ఞానాంబకు,

మా ఇంట్లో నువ్వు, మీ ఇంట్లో నేను ఉండి ఉత్తరాలు రాసుకోవడం వింతగా ఉంది. నిన్ను బస్సెక్కించి వచ్చిన సాయంత్రం మీ అత్త తలుపు గడియ వేసుకుంది. మీ ఆయన వరండాలో అటూ ఇటూ తిరిగాడు. నేను సిరంజి ఉడికించి గుమ్మంలో కూర్చున్నాను. చీకటి పడే వేళకు లోపలి నుంచి మాట వచ్చింది.

"పిల్లికి ఏసిన సూదేనా ఇది?"

"కాదు పెద్దమ్మా, మీదే. జ్ఞానాంబ ఇచ్చిపోయింది."

"చెయ్యి మటుకు పిల్లికేసిన చెయ్యే గదా."

"అదే చెయ్యి."

మళ్ళీ లోపలి నుంచే, "అది బతికినాదా?"

"గోడ దూకతా ఉండాది పెద్దమ్మా."

గడియ తీసింది. చేయి చాపి కళ్ళు గట్టిగా మూసుకుంది. వేశాక, "అయిపాయనా?" అని అడిగింది. తర్వాత చాలాసేపు నా చేయి వదల్లేదు. "నాలుగేండ్లు దాన్ని యాడికీ పోనీలేదు నేను" అంది. నీకు రాయమనలేదు. నేనే రాస్తున్నాను.

నువ్వు ఆదివారం దాకా నిశ్చింతగా ఉండు.

గోద


తిరుపతి,
మే, 1982

గోదా,

నీ ఉత్తరం అందింది. అత్త మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

మొదటి రెండు రోజులు నాకు ఇక్కడ ఏమీ తోచలేదు. తెల్లారగానే లేచి సిరంజి కోసం వెతుక్కున్నాను. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు వాటంతటవే వంటింటి వైపు నడిచాయి. నిన్న అలిపిరి నుంచి మెట్లెక్కాను. అలవాటు కొద్దీ పరుగులాగా ఎక్కుతుంటే ఒక ముసలావిడ, "ఎవురు తరుముతా ఉండారమ్మా నిన్ను?" అని అడిగింది. ఆ మెట్టుమీదే కూర్చున్నాను. ఎవరూ తరమడం లేదని నాకు నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది.

నువ్వు లేవు కనుక రెండు పూటలా మీ నాయనే రంగడికి సూది వేస్తున్నాడు. ఈ ఉదయం దగ్గర కూర్చుని చూశాను. రంగడు వచ్చి తనే ఒడిలో పడుకున్నాడు. ఆయన మెడ వెనక తోలు రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, సూది దించకుండా అలాగే కాసేపు ఆగిపోయాడు. సూది నేను అందుకోవాలేమో అనుకున్నాను.

"ఈ చోటు చూసినావా అమ్మా?" అన్నాడు. "తల్లి పిల్లి కూనను కరుచుకునే చోటు ఇదే. అరవై ఏండ్లుగా ఆ న్యాయం చెప్పుకుంటా వచ్చినాను. ఎప్పుడూ కూన వైపు నుంచే చూసినాను. దానికేమి, హాయిగా వేలాడతా ఉంటాది. మోసే పిల్లికి దవడ ఎంత నొప్పి పుడతాదో, అది ఎప్పుడు ఆ బరువు దించుకుంటాదో, ఒక్కనాడైనా అనుకోలేదు."

నేను అక్కడ ఉండలేక పెరట్లోకి పోయి, మీ గోడకు ఆనుకుని ఏడ్చాను. నాలుగేళ్ళది ఒకేసారి వచ్చింది. ఎల్లప్ప భార్య గుడ్డు పట్టుకుని గోడ అవతల నిలబడింది. నేను కళ్ళు తుడుచుకున్నాక రంగడు వచ్చి, మీ సగం మీద కూర్చుని, వాళ్ళ సగం మీద తిన్నాడు.

ఆదివారం వస్తానన్నాను కదా. ఆదివారం కాదు, ఆ తర్వాత బుధవారం వస్తాను. అత్తతో చెప్పు.

జ్ఞానాంబ